“2030 తర్వాత పెట్రోల్ బండ్లు ఉండవటగా అన్నా?”: షోరూంలో రోజూ వినే అపోహలు, వాస్తవాలు

హనుమకొండలో పన్నెండేళ్లుగా బండ్లు అమ్ముతున్నాను. మొదటి ఎనిమిదేళ్లు పెట్రోల్‌వి, ఆ తర్వాత ఎలక్ట్రిక్ స్కూటర్లు. సబ్సిడీ పెరిగిన రోజూ, తెగ్గోసిన రోజూ కౌంటర్ దగ్గర ఉన్నది నేనే. జనం రెండు రకాలుగా మాట్లాడతారు. సర్కారు ఎలక్ట్రిక్ బండ్లను బలవంతంగా అంటగడుతోందని కొందరు, సబ్సిడీ ఇంకో పాతికవేలు పడేస్తే దేశమంతా ఎగబడి కొంటుందని కొందరు. ఈ రెండు మాటలూ నా బుకింగ్ పుస్తకంతో కలవవు.

అపోహ: 2030 నుంచి పెట్రోల్ బండ్ల అమ్మకం బంద్.

అలాంటి చట్టం మన దేశంలో లేదు. అయితే ఈ మాట గాల్లోంచి కూడా రాలేదు. 2030 నాటికి అమ్ముడయ్యే కార్లన్నీ ఎలక్ట్రిక్‌వే కావాలని 2017లో కేంద్రమంత్రి పీయూష్ గోయల్ అన్నారు. 2019లో నీతి ఆయోగ్ ఇంకాస్త ముందుకెళ్లి, ఆటోలు 2023 నుంచి, 150 సీసీ లోపు టూవీలర్లు 2025 నుంచి ఎలక్ట్రిక్‌వే ఉండాలని ప్రతిపాదించింది. బండ్ల కంపెనీలు గట్టిగా అడ్డుపడ్డాయి. అది కాగితం మీదే ఉండిపోయింది. ఆ 2025 వచ్చింది, పోయింది, మా చౌరస్తాలో పెట్రోల్ బండ్లు అలాగే తిరుగుతున్నాయి.

నిజమైన కోటా చూడాలంటే బ్రిటన్ వైపు చూడాలి. అక్కడ ప్రతి కంపెనీ అమ్మే కొత్త కార్లలో ఇంత శాతం కాలుష్యం లేనివి ఉండాలని చట్టమే ఉంది: 2024లో 22, 2025లో 28. మన దగ్గర కార్ల కంపెనీల మీద ‘కేఫ్’ నిబంధనలున్నాయి. అమ్మిన కార్లన్నిటి పొగ సగటు ఒక హద్దు దాటకూడదు. నాలుగు ఎలక్ట్రిక్ కార్లు అమ్ముకుంటే ఆ సగటు దిగుతుంది. ఆ ఒత్తిడి కంపెనీ మీదే తప్ప కొనేవాడి మీద లేదు.

అపోహ: సబ్సిడీ డీలర్ మింగేస్తాడు, మన ఖాతాలో పడదు.

ఖాతాలో పడదు, నిజమే. బిల్లులోనే తగ్గించి అమ్ముతాం. ఆ డబ్బు కేంద్ర భారీ పరిశ్రమల శాఖ నుంచి కంపెనీ తెచ్చుకుంటుంది. 2024 అక్టోబరులో కేంద్రం కొత్త సబ్సిడీ పథకం ‘పీఎం ఈ-డ్రైవ్’ తెచ్చాక, కొనేవాళ్ల ఆధార్‌తో ఈ-వోచర్ (సబ్సిడీకి ఆన్‌లైన్ చీటీ) తీయడం మొదలైంది, ఒక ఆధార్‌కు ఒక బండే. “మా బావమరిదికి కూడా నా పేరు మీదే తీసుకుంటా” అనేవాళ్లతో రోజూ పేచీ.

అపోహ: సబ్సిడీ తీసేస్తే ఒక్కరూ కొనరు.

ఇక్కడ కాసేపు ఆగాలి. సబ్సిడీ లెక్క బ్యాటరీ సైజు మీద. కిలోవాట్ అవర్ అంటే కరెంటు బిల్లు భాషలో ఒక యూనిట్. ‘ఫేమ్-2’ అనే అప్పటి కేంద్ర పథకం కింద 2021 జూన్ నుంచి యూనిట్‌కు 15,000. మూడు యూనిట్ల బ్యాటరీ ఉన్న స్కూటర్‌కు 45,000 దాకా వచ్చేది. 2023 జూన్ 1న దాన్ని 10,000కు దించి, బండి ధరలో 15 శాతం మించకూడదన్నారు. 2024 ఏప్రిల్ నుంచి 5,000, బండికి పదివేలే గరిష్ఠం. పీఎం ఈ-డ్రైవ్ రెండో ఏట అది 2,500, గరిష్ఠం ఐదువేలు.

2023 మేలో దేశంలో లక్షకు పైగా ఎలక్ట్రిక్ టూవీలర్లు రిజిస్టర్ అయ్యాయి, జూన్‌లో 46 వేల దగ్గరకు పడిపోయాయి. (ఈ లెక్క కేంద్రం నడిపే రిజిస్ట్రేషన్ల పోర్టల్ ‘వాహన్’ది. అందులో అప్పుడు తెలంగాణ లేదు, కాబట్టి నేను అమ్మినవి ఆ లెక్కలో లేవు.) పేపర్లన్నీ ‘సబ్సిడీ పోయింది, గిరాకీ పోయింది’ అని రాశాయి. మా పుస్తకం చూస్తే వేరు. జూన్‌లో, జూలైలో కొనాల్సినవాళ్లంతా మే ఆఖరి వారంలోనే వచ్చి కొనేశారు. 2024 మార్చి, ఏప్రిల్‌లోనూ అదే తంతు. అమెరికాలో ఉన్న మా మేనల్లుడు కూడా 7,500 డాలర్ల పన్ను రాయితీ 2025 సెప్టెంబరు 30తో అయిపోతుందని ఉరుకులు పరుగుల మీద కారు కొన్నాడు.

మరి 2024 అక్టోబరులో? సబ్సిడీ పదివేలకు దిగిపోయినా అమ్మకాలు లక్షా ముప్పైవేలు దాటాయి. పండగ సీజన్ ఒక కారణం. అసలు కారణం, ఆ లోపే కంపెనీలు బ్యాటరీ చిన్నది చేసి లక్ష లోపు మోడళ్లు దించడం. ఉత్తరాదిన లక్షల్లో తిరిగే లెడ్ యాసిడ్ ఈ-రిక్షాలకైతే ఫేమ్-2 సబ్సిడీ ఒక్క రూపాయి రాలేదు. అయినా తిరుగుతున్నాయి, రోజు కూలి గిట్టుబాటవుతోంది కాబట్టి.

ఇంకో ముచ్చట. తెలంగాణలో జీవో 41 ప్రకారం 2026 డిసెంబరు 31 దాకా ఎలక్ట్రిక్ బండ్లకు రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు లేవు. ఎనభైవేల పెట్రోల్ బండికి 12 శాతం లైఫ్ ట్యాక్స్ అంటే 9,600. పీఎం ఈ-డ్రైవ్ రెండో ఏట కేంద్రం గరిష్ఠంగా ఇచ్చిన ఐదువేలకు దాదాపు రెట్టింపు. ఈ సంగతి పది మందిలో ఇద్దరికే తెలుసు.

అపోహ: కార్లకూ లక్షల్లో సబ్సిడీ ఉంది.

సొంత కారుకు కేంద్ర సబ్సిడీ ఫేమ్-2లో లేదు, పీఎం ఈ-డ్రైవ్‌లోనూ లేదు. కేంద్రం వైపు నుంచి ఉన్నదల్లా ఎలక్ట్రిక్ కార్లకు 5 శాతమే జీఎస్టీ. 2025 సెప్టెంబరు 22న చిన్న పెట్రోల్ కార్ల జీఎస్టీ 28 నుంచి 18కి తగ్గాక ఆ తేడా కూడా కొంత కరిగింది.

అపోహ: సబ్సిడీ రెట్టింపు చేస్తే అందరూ కొంటారు.

లెక్క వేసి చూపిస్తాను. పెట్రోల్ లీటరు 107, స్కూటర్ మైలేజీ 45 అనుకుంటే కిలోమీటరుకు రెండు రూపాయల నలభై పైసలు దాకా. ఎలక్ట్రిక్‌కు ముప్పై పైసలు. తేడా రెండు రూపాయలు. రోజుకు 40 కిలోమీటర్లు తిరిగే డెలివరీ తమ్ముడికి నెలకు 2,400 మిగులు, పెట్రోల్ బండి కన్నా అదనంగా పెట్టిన ముప్పైవేలు ఏడాది దాటగానే వస్తాయి. ఇంటికీ బడికీ కలిపి పది కిలోమీటర్లు తిరిగే టీచరమ్మకు నెలకు 600, నాలుగేళ్లు దాటుతుంది. ఇద్దరికీ ఒకే సబ్సిడీ.

పైగా నన్ను ఎక్కువమంది అడిగేది ధర గురించి కాదు. “మూడేళ్ల తర్వాత అమ్మితే ఎంతొస్తుంది?” “బ్యాటరీ పోతే ఎంత?” “మా ఊళ్లో రిపేరు ఎవరు చేస్తారు?” మొన్న ఒక రిటైర్డ్ సార్ టెస్ట్ రైడ్ చేసి, రంగు కూడా ఎంచుకున్నారు. వాళ్ల అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ప్లగ్ పెట్టడానికి అసోసియేషన్ ఒప్పుకోలేదట. బ్యాటరీ ఊడదీసి మూడో అంతస్తుకు మోయలేరు. “సబ్సిడీ సంగతి తర్వాత బాబూ, ముందు నాకో స్విచ్ బోర్డు ఇప్పించు” అన్నారు. అడ్వాన్స్ వెనక్కి ఇచ్చేశాను.