లెన్స్ ఊడదు కాబట్టి లోపలికి దుమ్ము పోదా? ఫిక్స్‌డ్ లెన్స్ కెమెరాల అపోహలు - వాస్తవాలు

ఈ వారం కూడా నా బెంచీ మీదకి ఒక రికో జీఆర్ త్రీ వచ్చింది, జేబులో పట్టే చిన్న కెమెరా. తెచ్చిన అబ్బాయిది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, కెమెరా కొని ఏడాది కూడా కాలేదు, ఆకాశం ఉన్న ప్రతి ఫొటోలోనూ కుడివైపు పైమూలన బూడిదరంగు చుక్కలు. "అన్నా, దీని లెన్స్ ఊడదు కదా, లోపలికి దుమ్మెట్ల పోతది? సెన్సరే కాలిపోయిందంటున్రు" అని ముఖం వేలాడేసుకుని కూర్చున్నాడు. సెన్సర్, అంటే ఫిల్ముకి బదులు కాంతిని పట్టే చిప్పు, కాలిపోలేదు. అది దుమ్మే. రాత్రంతా నెట్‌లో చదువుకుని నిద్ర పాడుచేసుకున్నాడు పాపం, "సెన్సర్ డెడ్" అని ఎవరో తెలియనివాడు ఒక్క ముక్క రాసి పడేస్తే.

హైదరాబాద్‌లో కెమెరాలు రిపేరు చేయడమే నా పని. జీఆర్‌లు, ఫ్యూజీ ఎక్స్100 రకాలు, అప్పుడప్పుడూ ఒక లైకా క్యూ వస్తుంటాయి, అన్నీ లెన్స్ ఊడని కెమెరాలే. రోజూ జేబులోనో భుజానికో వేసుకుని తిరగడానికి ఇంతకంటే మంచి కెమెరాలు లేవని నా నమ్మకం. నేనూ జీఆరే వాడతాను. అందుకే ఈ ఒక్క అపోహ మీద నాకింత కోపం.

అపోహ: లెన్స్ ఊడదు కాబట్టి కెమెరా సీల్ చేసినట్టే, లోపలికి దుమ్ము పోదు.

వాస్తవం: పోతుంది. పోయాక దాన్ని తీయడం లెన్స్ మార్చే కెమెరాలో కంటే ఎన్నో రెట్లు కష్టం, అంత ఖర్చు కూడా.

జీఆర్ ఆన్ చేయగానే లెన్స్ బయటికి పొడుచుకొస్తుంది, ఆఫ్ చేస్తే లోపలికి వెళ్లిపోతుంది. బయటికి వచ్చినప్పుడు లోపల ఖాళీ పెరుగుతుంది, ఆ ఖాళీలోకి గాలి రావాలి. ఎక్కణ్ణుంచి వస్తుంది? ఒకదానిలో ఒకటి జారే ఆ గొట్టాల మధ్య సందుల్లోంచే. సైకిల్ పంపు పైకి లాగినట్టే ఇది కూడా, లాగిన ప్రతిసారీ బయటి గాలి పీల్చుకుంటుంది. ఆ గాలితో పాటు మీ జీన్స్ జేబులోని నూలు పొట్టు, బ్యాగు అడుగున బిస్కెట్ పొడి, రోడ్డు మీద దుమ్ము అన్నీ వస్తాయి. లెన్స్ లోపలికి పోయేటప్పుడు గాలి బయటికి వెళ్తుంది గానీ దుమ్ము మొత్తం వెళ్లదు, కొంత సెన్సర్ ముందున్న గాజు మీద అతుక్కుంటుంది. జీఆర్ త్రీలో సెన్సర్‌ని సన్నగా వణికించి దుమ్ము దులిపే ఏర్పాటు ఉంది, పొడి దుమ్ముకి కొంత పనికొస్తుంది. జిడ్డుగా అంటుకున్నదానికి పనిచేయదు. అంతకు ముందు వచ్చిన జీఆర్, జీఆర్ టూలలో అది కూడా లేదు.

ఈ అపోహ ఊరికే పుట్టలేదు. మా నాన్నగారు ఫిల్ము రోజుల్లో ఇదే పని చేసేవారు, ఆయన బల్ల మీద ఎప్పుడూ ఒక యాషికా ఎలక్ట్రో 35 ఉండేది. అదీ లెన్స్ ఊడని కెమెరానే, 1966లో మొదలైన మోడల్. దాని లోపల ఎంత దుమ్మున్నా ఎవరూ పట్టించుకోలేదు, ఎందుకంటే ప్రతి ఫొటోకీ కొత్త ఫిల్ము ముక్క వస్తుంది, దాని మీద పడ్డ దుమ్ము దాంతోనే ముందుకు వెళ్లిపోతుంది. డిజిటల్‌లో అలా కాదు, కొన్న రోజు నుంచి అమ్మే రోజు వరకూ అదే సెన్సర్. ఒక్క నలుసు పడితే తీసేదాకా ప్రతి ఫొటోలోనూ అదే చోట కనిపిస్తుంది. పాత కెమెరాలు చూసినవాళ్లు చెప్పిన మాట అప్పటికి నిజమే, ఇప్పటికి కాదు.

ఖర్చెందుకంటే, లెన్స్ మార్చే కెమెరాలో లెన్స్ తిప్పి తీస్తే సెన్సర్ ఎదురుగా ఉంటుంది, స్వాబ్‌తో, అంటే తుడిచే పుల్లతో, రెండు తుడుపులు తుడిస్తే అయిపోయింది. జీఆర్‌లో సెన్సర్ దగ్గరికి చేరాలంటే వెనక మూత, స్క్రీను, ఆ తర్వాత బోర్డు విప్పాలి, దారిలో కాగితంలా పల్చగా ఉండే ఫ్లెక్స్ కేబుళ్లు ఒక్కొక్కటీ లాకు ఎత్తి తీయాలి. గంటల పని. తిరిగి బిగించేటప్పుడు సెన్సర్ వెంట్రుకవాసి వంకరగా కూర్చున్నా ఫొటోలో ఒక పక్క అక్షరాలు స్ఫుటంగా, ఇంకో పక్క మసకగా వస్తాయి. నేను తుడవడానికి పట్టే టైము కంటే బిగించాక గోడకి న్యూస్‌పేపర్ అంటించి నాలుగు మూలలూ సరిచూసుకోవడానికి పట్టే టైమే ఎక్కువ. డబ్బు అడిగేది తుడిచినందుకు కాదు, ఆ పనికి.

ఇక చుక్కలు చూసి కంగారుపడేవాళ్లకి ఒక మాట. ముందు పరీక్ష చేసుకోండి. ఎపర్చర్ అంటే లెన్స్‌లో కాంతి వచ్చే రంధ్రం, ఎఫ్ పక్కన అంకె పెరిగేకొద్దీ అది చిన్నదవుతుంది. ఆ రంధ్రాన్ని మనమే ఎంచుకునే ఎపర్చర్ ప్రయారిటీ మోడ్‌లో ఎఫ్/16 పెట్టండి, ఐఎస్ఓ అన్నిటికంటే తక్కువకి, ఫోకస్ మాన్యువల్‌లో అనంతానికి. తెల్లగోడకి జానెడు దూరంలో నిలబడి, షటర్ తెరుచుకుని ఉండగా కెమెరా కొంచెం కదుపుతూ ఒక ఫొటో తీయండి. కదిపితే గోడ మీది మచ్చలు చెరిగిపోతాయి, సెన్సర్ మీదివి మాత్రం అక్కడే ఉంటాయి. ఇప్పుడు అదే గోడ ఎఫ్/2.8లో తీయండి. ఎఫ్/16లో స్పష్టంగా ఉన్న చుక్క ఎఫ్/2.8లో మాయమైతే అది సెన్సర్ మీది దుమ్ము. ఎపర్చర్ చిన్నదైతే కాంతి సన్నని దారిలో వచ్చి నలుసు నీడని గట్టిగా వేస్తుంది, పెద్దదైతే అన్ని పక్కల నుంచీ వచ్చి ఆ నీడని కరిగించేస్తుంది, అంతే. ఎఫ్/16లో మాత్రమే కనిపించే ఒకటి రెండు చుక్కల కోసం కెమెరా విప్పించకండి. ఎఫ్/5.6 దాటకుండా వీధుల్లో, ఇంట్లో పిల్లల్ని తీసుకునేవాళ్లకి అవి జన్మలో కనిపించవు. కనిపించిన ఒక్క ఆకాశం ఫొటోలో ఎడిటింగ్ యాప్‌లోని హీలింగ్ టూల్‌తో నొక్కేస్తే పోతాయి. ఎఫ్/5.6, ఎఫ్/8లో కూడా నల్లగా కనిపిస్తుంటే అప్పుడు తీసుకురండి. సెకండ్ హ్యాండ్ కొనేటప్పుడు కూడా అమ్మేవాణ్ణి ముందు ఈ ఎఫ్/16 గోడ ఫొటోనే అడగండి, కెమెరా పైన గీతలు ఉన్నాయా లేవా అన్నది ఆ తర్వాత.

చేయకూడనివి. వ్యాక్యూమ్ క్లీనర్ గొట్టం లెన్స్‌కి ఆనించి, ఆన్ ఆఫ్ చేస్తూ దుమ్ము లాగేయొచ్చని వీడియోలు తిరుగుతున్నాయి. కొన్నిసార్లు చుక్క కదులుతుంది, నిజమే. కదిలి ఇంకోచోట కూర్చుంటుంది. ఆ లాగుడుకి లెన్స్ గొట్టాల గైడు పిన్నులు పక్కకి జరిగి వచ్చిన కెమెరాలు నేను చూశాను, అప్పుడు దుమ్ముతో పాటు లెన్స్ యూనిట్ కూడా మార్చాలి. ఇంకొకతను పంక్చర్ షాపులో టైర్లకి కొట్టే గాలి కొట్టించుకొచ్చాడు. కంప్రెసర్ గాలిలో నూనె తుంపర, నీటి తడి రెండూ ఉంటాయి, లోపలి గాజు మీద ఆ నూనె మరకలు సన్నటి ముత్యాల్లా పరుచుకుని ఉన్నాయి. దుమ్ము ఒక పూటలో పోయేది, ఆ నూనె తీయడానికి నాకు మూడు రోజులు పట్టింది. ఫ్లాష్ ఉన్న ఎక్స్100 లాంటివి ఇంట్లో స్క్రూడ్రైవర్‌తో అసలు విప్పకండి, లోపల ఫ్లాష్ కెపాసిటర్ దాదాపు 300 వోల్టులు పట్టుకుని ఉంటుంది, బ్యాటరీ తీసేసినా సరే.

చేయాల్సింది చిన్నదే. జేబులో ఉత్తగా వేయకండి, పోగులు రాలని పలుచని సంచిలో పెట్టి వేయండి, ఆ సంచిని లోపలిది బయటికి తిప్పి దులుపుతూ ఉండండి. ఆన్ చేసే ముందు లెన్స్ చుట్టూ ఉన్న ఆ రింగు సందుని మెత్తని బ్రష్‌తో ఒకసారి తుడవండి, కెమెరాని నేలవైపు వంచి, చేత్తో నొక్కే రబ్బరు బ్లోయరే వాడండి. తీసిన ఫొటోలు చూసుకోవడానికి జీఆర్‌ని మామూలుగా ఆన్ చేయనక్కర్లేదు, ఆఫ్‌లో ఉండగా ప్లేబ్యాక్ బటన్ కాసేపు నొక్కి పట్టుకుంటే లెన్స్ బయటికి రాకుండానే ఫొటోలు కనిపిస్తాయి. ఈ ఒక్క అలవాటుతో లెన్స్ ఎన్నోసార్లు అనవసరంగా ఊపిరి పీల్చడం తప్పుతుంది.

జాతరలకి వెళ్లేవాళ్లకి ఇంకా గట్టిగా చెప్పాలి. కొమురవెల్లి మల్లన్న జాతరలో పట్నం (రంగుపొడుల ముగ్గు) వేసిన చోట బండారి (పసుపు పొడి) ఎలా ఎగురుతుందో చూసినవాళ్లకి తెలుసు, మనుషులు, చెట్లు, మెట్లు అంతా పసుపే. అక్కడ తీసిన ఒక జీఆర్ నా దగ్గరికి వచ్చేసరికి లెన్స్ సగం వరకు వచ్చి ఆగిపోయింది, స్క్రీన్ మీద ఎర్రర్. విప్పితే గొట్టాల మధ్య గ్రీజుతో పసుపు కలిసి ముద్దలా గట్టిపడి ఉంది, సెన్సర్ ముందు గాజు అంచున సన్నటి పసుపు గీత. అతను తీసిన ఫొటోలు చూపించాడు, ఒక ఒగ్గు కథకుడి ముఖం, కళ్ల కింద ముడతల్లో పసుపు ఇంకి ఉంది, అంత దగ్గరికి వెళ్లి తీశాడు. అలాంటి ఫొటో కోసం వెళ్లొద్దని నేనెలా అంటాను? వెళ్లండి. కానీ బండారి ఎగిరే చోటికి రాకముందే ఆన్ చేసి పెట్టుకోండి, అక్కడ ఉన్నంతసేపూ ఆఫ్ చేయకండి, ఆటో పవర్ ఆఫ్ కూడా తీసేయండి. బయటికి వచ్చాక బ్రష్‌తో దులిపి, అప్పుడు మూయండి. జీఆర్ త్రీ బ్యాటరీ కంపెనీ లెక్క ప్రకారమే 200 ఫొటోలకి మించి రాదు, కాబట్టి ఇంకో రెండు బ్యాటరీలు జేబులో ఉండాలి.

మిగతావి గబగబా.

"ఎక్స్100 సిక్స్ వెదర్ సీల్డ్ కదా, వానలో వాడొచ్చు." వెదర్ సీల్డ్ అంటే నీరు, దుమ్ము చొరకుండా సందులు మూసినది. సగమే నిజం. 2020లో వచ్చిన ఎక్స్100 ఫైవ్ నుంచి, దాని తర్వాత 2024 నాటి సిక్స్‌లో కూడా, విడిగా అమ్మే అడాప్టర్ రింగు, దాని మీద 49 మిల్లీమీటర్ల ప్రొటెక్షన్ ఫిల్టరు రెండూ బిగిస్తేనే ఆ రక్షణ అని ఫ్యూజీనే చెబుతోంది. అవి లేకుండా ముందుభాగం తెరిచి ఉన్నట్టే. దాని లెన్స్ జీఆర్‌లా బయటికి పొడుచుకురాదు కాబట్టి దుమ్ము బాధ తక్కువ, లేదని కాదు. లైకా క్యూ త్రీకి ఐపీ52 అని రాసి ఉంటుంది, అంటే దుమ్ము నుంచి చాలావరకు రక్షణ, పైనుంచి పడే నీటి చుక్కలకి తట్టుకోవడం. బీచ్‌లో అల మీద పడితే అని కాదు. జీఆర్‌కి సీలింగే లేదు.

"తడిస్తే బియ్యంలో పెట్టాలి." వద్దు. బియ్యం పిండి కూడా దుమ్మే. బ్యాటరీ, కార్డు తీసేసి, ఆన్ చేసి చూడాలనే కోరికని ఆపుకుని, సిలికా జెల్ ఉన్న డబ్బాలో పెట్టి త్వరగా తీసుకురండి.

"తోలు కేసులో భద్రంగా ఉంటుంది." మోయడానికి బాగుంటుంది, దాయడానికి కాదు. వైజాగ్, కాకినాడ వైపు నుంచి వచ్చే కెమెరాల్లో దుమ్ము కంటే ఫంగస్ ఎక్కువ చూస్తాను, తోలు తేమ పట్టి ఉంచుతుంది. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బా, సిలికా జెల్, ఒక చిన్న తేమ మీటరు చాలు, తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉంటే నిశ్చింత. ఏసీ గదిలోంచి వానాకాలం బయటికి తీసేటప్పుడు జిప్ కవర్లో పెట్టి తీసుకెళ్లండి, కెమెరా బయటి వేడికి అలవాటుపడ్డాకే కవర్ తెరవండి.

"జూమ్ లేకపోతే పెళ్లికీ పేరంటానికీ పనికిరాదు." ఎక్స్100 సిక్స్‌లో 40 మెగాపిక్సెళ్లు ఉన్నాయి, 35 మిల్లీమీటర్ల చూపుని (ఈ అంకె పెరిగేకొద్దీ దృశ్యం దగ్గరగా కనిపిస్తుంది) 50కి కత్తిరించినా దాదాపు 20 మిగులుతాయి, 70కి కత్తిరిస్తే 10. పన్నెండు బై పద్దెనిమిది అంగుళాల ప్రింటుకి అదీ సరిపోతుంది. జీఆర్ త్రీ 28 నుంచి 50కి కత్తిరిస్తే 7 వస్తాయి, ఫోన్లో చూసుకోవడానికి ఎక్కువే. స్టేజీ కింద నుంచి దండలు మార్చుకోవడం తీయాలంటే మాత్రం ఇవి కాదు, నిజమే. ఆ పనికి వేరే కెమెరా ఉంది.

"నా ఫోన్ ఎఫ్/1.8, మీ జీఆర్ ఎఫ్/2.8, ఫోనే మేలు." సెన్సర్ సైజు చూడకుండా ఆ అంకెలు పోల్చకూడదు. ఫోన్లలో వచ్చే అతి పెద్ద సెన్సర్, ఒక అంగుళం అని పిలిచేది, 13.2 బై 8.8 మిల్లీమీటర్లు. జీఆర్‌ది 23.5 బై 15.6, విస్తీర్ణంలో మూడు రెట్లు. మామూలు ఫోన్లవి ఇంకా చిన్నవి.

చివరిగా అమెరికా నుంచి బావగారో అక్కయ్యో తెచ్చే కెమెరాల సంగతి. అక్కడ చౌకగా దొరికితే తెప్పించుకోండి, తప్పు లేదు. కానీ చాలా కంపెనీల వారంటీ కొన్న దేశానికే పరిమితం, ఇక్కడి సర్వీస్ సెంటర్‌కి పట్టుకెళ్తే డబ్బు కట్టాల్సి రావచ్చు. లోపల దుమ్ముని తయారీ లోపంగా ఒప్పుకుంటారో లేదో కూడా ముందే చెప్పలేం, ఇక్కడ కొన్నదానికైనా అంతే. అందుకే కొన్న రోజునే పైన చెప్పిన ఎఫ్/16 గోడ ఫొటో ఒకటి తీసి, తేదీతో పాటు బిల్లు కాపీ పక్కనే దాచుకోండి. కొత్త కెమెరాలోనే చుక్కలుంటే, అది ఫ్యాక్టరీ నుంచి వచ్చిందని చూపించి మార్చమని అడగడానికి మీ చేతిలో ఉండే ఆధారం అదే.