ఆ 80 శాతం లెక్క ఎక్కడిది?

పరీక్షలు దగ్గరపడగానే కాలేజీల్లో పాత గొడవ మళ్లీ మొదలవుతుంది. టెన్షన్ తట్టుకోవడానికి ఎమోషనల్ ఇంటెలిజెన్స్ (భావోద్వేగ ప్రజ్ఞ: మన భావాలనూ ఎదుటివాళ్ల భావాలనూ గుర్తించి సంబాళించుకునే నేర్పు) క్లాసులు పెట్టించాం కదా అంటాయి యాజమాన్యాలు. జీవితంలో గెలుపుకు 80 శాతం కారణం ఇదేనన్న మాట ఆ క్లాసుల్లో వినిపిస్తుంది. 2019లో యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ (యూజీసీ) తెచ్చిన ‘జీవన్ కౌశల్’ అనే జీవన నైపుణ్యాల పాఠ్యప్రణాళికను చూపిస్తాయి. క్లాసులు సరే, బాధ చెప్పుకోవడానికి మనిషేడీ అంటారు విద్యార్థులు.

ఈ క్లాసులకు ఊపు వచ్చింది 1995లో. భావోద్వేగ ప్రజ్ఞను సాలోవే, మేయర్ అనే మనస్తత్వవేత్తలు 1990లోనే నిర్వచించినా, జనంలోకి తెచ్చింది రచయిత డేనియల్ గోల్‌మన్ ఆ ఏడాది తెచ్చిన పుస్తకం. జీవితంలో పైకి రావడంలో ఐక్యూ వాటా మహా అయితే 20 శాతమని ఆయన రాశారు. మిగతా 80లో పుట్టిన కుటుంబం, అదృష్టం కూడా ఉన్నాయి. నోళ్లు మారేసరికి ఆ 80 మొత్తం ఎమోషనల్ ఇంటెలిజెన్స్ ఖాతాలో పడింది. అలా చదవడం తప్పని గోల్‌మనే తర్వాత చెప్పినా, ఆ మాట మా కాలేజీ దాకా రాలేదు.

నా డిగ్రీ రోజుల్లో ఒక ట్రైనర్ సెమినార్ హాల్లో బోర్డు మీద 80 అని రాసి గుండ్రంగా చుట్టారు. ‘నా కోపాన్ని అదుపు చేసుకోగలను’ లాంటి వాక్యాలున్న కాగితాలు పంచి, 1 నుంచి 5 దాకా ఎవరికి వాళ్లే మార్కులు వేసుకోమన్నారు. బ్యాక్‌లాగ్ గురించి ముందు రాత్రంతా ఏడ్చిన నా రూమ్‌మేట్ అన్నిటికీ 5 వేసింది.

2020లో మెక్‌కాన్ అనే పరిశోధకురాలి బృందం 42,000 మందికి పైగా విద్యార్థులున్న 158 అధ్యయనాలను కలిపి చూసింది. ఈ ప్రజ్ఞకూ చదువుకూ సంబంధం నిజమే, కానీ సహసంబంధం (0 అంటే ఏ సంబంధమూ లేనట్టు, 1 అంటే పూర్తిగా ఉన్నట్టు) 0.20 మాత్రమే. నైపుణ్యాన్ని నేరుగా పరీక్షిస్తే 0.24. ఎవరికి వాళ్లే మార్కులు వేసుకుంటే 0.12కి పడిపోయింది. పరీక్ష భయాన్నీ నిరాశనూ తట్టుకోగలగడం, తోటివాళ్లతో, లెక్చరర్లతో బాగుండటం చదువుకు కలిసొస్తాయని వాళ్ల వివరణ. తెలివితేటలు, శ్రద్ధగా చదివే అలవాటు మాత్రం దీనికన్నా ముందే నిలిచాయి.

ఇక బాధ వినే మనిషి విషయానికొస్తే, విశాఖలో నీట్‌కు చదువుతున్న ఒక విద్యార్థిని మృతి కేసులో 2025 జులై 25న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. కోచింగ్ సెంటర్ల నుంచి యూనివర్సిటీల దాకా, 100 మంది లేదా అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థా అర్హత ఉన్న కౌన్సెలర్‌నో, సైకాలజిస్టునో, సోషల్ వర్కర్‌నో కనీసం ఒక్కరినైనా పెట్టాలంది. వర్క్‌షాప్ పెట్టినంత మాత్రాన ఇది తీరదు. విద్యార్థులు అడిగేదీ ఇదే: ఆ ఒక్కరు ఎవరు, ఏ గదిలో ఉంటారు, వారంలో ఎన్ని రోజులు ఉంటారు?