పాట కొన్నామా, అద్దెకు తెచ్చుకున్నామా? ఈ గొడవ మొదలైంది 2005లో ఒక సీడీ దగ్గర

పోయిన వారం మా తమ్ముడు గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో వైజాగ్ వెళ్తూ కాజీపేట దాటగానే ఫోన్ చేశాడు, "అన్నా, నా పాటలన్నీ పోయినయ్" అని. చూస్తే ఏవీ డిలీట్ అవ్వలేదు, ఆ యాప్ ఫోన్లో 12 జీబీ ఆక్రమించుకుని అలాగే ఉంది, కానీ పాటల పేర్లన్నీ బూడిద రంగులోకి మారిపోయాయి, నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. ఏడాది ప్లాన్ ముందు రోజు రాత్రి అయిపోయిందట, అంతే సంగతి. ఆ స్క్రీన్‌షాట్ మా ఆడియో గ్రూప్‌లో పెట్టానో లేదో పాత గొడవ మళ్ళీ అంటుకుంది. డబ్బు కట్టి దించుకున్న పాటకి కంపెనీ వేసిన తాళం (కాపీ కాకుండా, గడువు దాటితే పాడకుండా ఆపే డీఆర్‌ఎం) పగలగొట్టుకుంటే తప్పేంటని సగం మంది, అది దొంగతనమే, జైలుకి పోతారని మిగతా సగం, రాత్రి ఒంటిగంట దాకా అదే లొల్లి. ఇద్దరూ కూడా అసలు ఈ తాళం ఇక్కడిదాకా ఎలా వచ్చిందో వదిలేసి మాట్లాడుతున్నారనిపించి ఇది రాస్తున్నా.

ఇంటర్నెట్‌లో జనం పాటలు ఉచితంగా పంచుకున్న నాప్‌స్టర్ కథ, కోఠి ఫుట్‌పాత్ మీద నూట యాభై పాటల ఎంపీ3 డిస్క్‌ల కథ అందరికీ తెలిసిందే, మళ్ళీ చెప్పను. నా లెక్కలో మొత్తం తిరగబడింది 2005 అక్టోబర్ 31న. ఆ రోజు మార్క్ రుసినోవిచ్ అనే విండోస్ నిపుణుడు తన కంప్యూటర్‌లో ఏదో దాక్కుని ఉందని కనిపెట్టి మొత్తం బయటపెట్టాడు. ఆయన చేసిన నేరం ఏమీ లేదు, సోనీ బీఎంజీ అనే మ్యూజిక్ కంపెనీ వాళ్ళ సీడీ ఒకటి డబ్బులిచ్చి కొని కంప్యూటర్‌లో పెట్టాడు. పెడితే పాట వినడానికి వాళ్ళ ప్లేయరే ఇన్‌స్టాల్ చేసుకోమంది, దాంతో పాటు ఎక్స్‌సీపీ అనే కాపీ ప్రొటెక్షన్ కూడా సిస్టమ్ లోపలికి దిగిపోయింది. బ్రిటన్‌లో ఫస్ట్ 4 ఇంటర్నెట్ అనే కంపెనీ రాసిన సాఫ్ట్‌వేర్ అది.

అది ఏం చేసేదో కొంచెం దగ్గర్నుంచి చూడాలి. డాలర్ గుర్తు, సిస్, మళ్ళీ డాలర్ గుర్తు, ఈ వరసతో పేరు మొదలయ్యే ఏ ఫైలునైనా, నడుస్తున్న ఏ ప్రోగ్రామ్‌నైనా విండోస్ కళ్ళకి కనపడకుండా దాచేసేది. తన ఫైళ్ళు మాత్రమే దాచుకుంటే అదొక రకం, కానీ ఆ పేరు పెట్టుకుంటే ఎవరి ఫైలైనా దాగిపోతుంది, కాబట్టి పది రోజులు తిరక్కుండానే వైరస్‌లు రాసేవాళ్ళు అదే పేరు తగిలించి అందులో దూరారు. పోనీ చేత్తో తీసేద్దామంటే సీడీ డ్రైవే పనిచేయడం మానేసేది. కంపెనీ ఇచ్చిన అన్‌ఇన్‌స్టాలర్ కంప్యూటర్ భద్రతకి ఇంకో కంత పెట్టి పోతోందని ప్రిన్స్‌టన్ యూనివర్సిటీలో ఫెల్టెన్, హాల్డర్‌మన్ చూపించారు. సోనీ బీఎంజీ పెద్దాయన ఒకాయన అయితే రేడియోలో, రూట్‌కిట్ (ఇలా సిస్టమ్ లోపల దాక్కునే సాఫ్ట్‌వేర్) అంటే ఏంటో చాలామందికి తెలియనే తెలియదు, అలాంటప్పుడు దాని గురించి వాళ్ళకెందుకు పట్టింపు అన్నట్టు మాట్లాడాడు. నవంబర్ మధ్యకల్లా 52 ఆల్బమ్‌ల డిస్క్‌లు వెనక్కి పిలవాల్సొచ్చింది. 47 లక్షల డిస్క్‌లు తయారైతే అప్పటికే దాదాపు 21 లక్షలు అమ్ముడైపోయాయి.

ఇందులో నాకు ఇప్పటికీ మింగుడు పడని విషయం ఒకటుంది. ఫుట్‌పాత్ మీద డిస్క్ కొన్నవాడి కంప్యూటర్‌కి ఏమీ కాలేదు. ఇంటర్నెట్‌లో దించుకున్నవాడికీ ఏమీ కాలేదు. దెబ్బ తగిలింది షాపుకెళ్ళి పూర్తి ధర ఇచ్చి కొన్న మనిషికి మాత్రమే.

అసలు సీడీలో తాళానికి చోటే లేదు. ఫిలిప్స్, సోనీ కలిసి సీడీ ఎలా ఉండాలో 1980లో రాసుకున్న రెడ్‌బుక్ ప్రమాణం అది, ఏ ఎన్‌క్రిప్షనూ (కీ లేకుండా చదవలేని గుప్త రూపం) లేని నేరు డేటా. ఇరవై ఏళ్ళ తర్వాత దాని మీద తాళం వేయాలంటే ప్రమాణాన్ని విరగ్గొట్టాల్సిందే, అందుకే ఇలాంటి డిస్క్‌ల మీద కాంపాక్ట్ డిస్క్ లోగో వేయొద్దని ఫిలిప్స్ 2002లోనే అడ్డం తిరిగింది. ఆ సంవత్సరమే ఒక రకం తాళాన్ని డిస్క్ అంచున మార్కర్ పెన్నుతో గీత గీస్తే దాటేయొచ్చని తేలింది, 2003లో ఇంకో రకానికి డిస్క్ పెట్టేటప్పుడు కీబోర్డ్‌లో షిఫ్ట్ నొక్కి పట్టుకుంటే చాలని హాల్డర్‌మన్ రాస్తే, కేసు వేస్తామన్న కంపెనీ మర్నాడే వెనక్కి తగ్గింది.

అలాంటి డిస్క్ ఒకటి మా ఇంటికీ వచ్చింది. 2004లో మా బావ అమెరికా నుంచి తెచ్చాడు, వెనక అట్ట మీద చిన్న అక్షరాలతో కొన్ని ప్లేయర్లలో పాడకపోవచ్చు అని ఉంది. మా మారుతిలో స్టీరియో దాన్ని లోపలికి లాక్కుని గిర్రుమని తిప్పి ఎర్రర్ చూపించి బయటికి తోసేసింది, మూడుసార్లు. అదే పాటలు దిల్‌సుఖ్‌నగర్ నెట్ సెంటర్‌లో ఒకబ్బాయి నీరో అనే సీడీ రాసే సాఫ్ట్‌వేర్‌తో రాసిచ్చిన డిస్క్‌లో హాయిగా పాడాయి.

2005 తర్వాత కథ తొందరగానే నడిచింది. 2007 ఫిబ్రవరిలో ఆపిల్ అధిపతి స్టీవ్ జాబ్స్ ఒక లేఖలో లెక్క చెప్పాడు, అంతకుముందు ఏడాది తాళం వేసి ఆన్‌లైన్‌లో అమ్మిన పాటలు 200 కోట్ల లోపు, అవే కంపెనీలు తాళం లేకుండా సీడీల మీద అమ్మినవి 2000 కోట్ల పైన, మరి ఈ తాళం ఎవర్ని ఆపుతున్నట్టు అని. ఏప్రిల్‌లో ఈఎంఐ అనే మ్యూజిక్ కంపెనీ తాళం లేకుండా అమ్మడానికి ఒప్పుకుంది, 2009కి ఆపిల్ పాటల షాపు ఐట్యూన్స్‌లో పాటలన్నిటికీ తాళం పోయింది. మనం గెలిచాం అనుకున్నాం. కానీ కంపెనీలు 2005 నుంచి నేర్చుకున్నది తాళం వేయకూడదని కాదు, అమ్మిన వస్తువుకి తాళం వేస్తే కొన్నవాడు తిరగబడతాడు కాబట్టి అసలు అమ్మడమే మానేసి అద్దెకిస్తే ఆ తాళం గురించి ఎవడూ అడగడని. యాప్‌లో "డౌన్‌లోడ్" అని రాసి ఉన్న బటన్ నొక్కితే వచ్చేది ఎన్‌క్రిప్ట్ చేసిన ముక్క, దాని కీ వాళ్ళ దగ్గర, చాలా యాప్‌లలో 30 రోజులకోసారి ఆన్‌లైన్‌లో కనపడకపోతే ఆ కీ చెల్లదు.

మన దగ్గర దీనికి ఇంకో దారి ఉండేది. ఫ్లిప్‌కార్ట్ 2012 ఫిబ్రవరిలో ఫ్లైట్ అని ఒక మ్యూజిక్ స్టోర్ పెట్టింది, తాళం లేని ఎంపీ3లు, తెలుగు పాటలు కూడా, నేను చాలానే కొన్నా. 2013 జూన్‌లో మూసేశారు, పైరసీ, చిన్న మొత్తాలకి పేమెంట్ కష్టం అని కారణాలు చెప్పారు. ఐదు పది రూపాయలు క్షణంలో కట్టే యూపీఐ వచ్చింది 2016లో, మూడేళ్ళు లేటు. ఆ షాపు పోయి ఇన్నేళ్ళయినా నేను కొన్న ఫైళ్ళు నా డాక్ (డిజిటల్ పాటని శబ్దంగా మార్చే పరికరం) మీద ఈ రోజుకీ పాడుతున్నాయ్. 2024లో ఎయిర్‌టెల్ తన పాటల యాప్ వింక్ మూసేసినప్పుడు అందులో దించుకున్నవాళ్ళకి ఆ మాట చెప్పుకునే వీల్లేదు.

కంపెనీల బాధ అబద్ధమని నేననను, సినిమా రిలీజైన వారానికే కోఠిలో డిస్క్ దొరుకుతుంటే తెలుగు ఆడియో కంపెనీలు ఎంత నష్టపోయాయో చూసినవాళ్ళమే. స్ట్రీమింగ్ వల్ల వాళ్ళకి మళ్ళీ డబ్బు వస్తోంది, అదీ నిజమే.

ఇక గ్రూప్‌లో "జైలుకి పోతారు" అన్నవాళ్ళ కోసం ఒక ముక్క. మన కాపీరైట్ చట్టంలో 65ఏ సెక్షన్ 2012 సవరణతో వచ్చింది, తాళం పగలగొడితే రెండేళ్ళ దాకా శిక్ష, జరిమానా. కానీ హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో పగలగొడితే అని అందులోనే ఉంది, చట్టం నిషేధించని పని కోసమైతే ఈ సెక్షన్ అడ్డు కాదని కూడా ఉంది. సొంత వాడకానికి న్యాయమైన మేరకు వాడుకోవడాన్ని 52వ సెక్షన్ ఒప్పుకుంటుంది. అమెరికా 1998 కాపీరైట్ చట్టం కన్నా మనది ఈ విషయంలో మెత్తన. అయితే అద్దెకిచ్చిన పాటకి ఇది ఎంతవరకు వర్తిస్తుందన్నది వేరే లెక్క, పైగా యాప్ పెట్టే షరతులు వాటి పాటికి అవి ఉంటాయి, మా తమ్ముడు కొన్నది పాటలు కాదు, ఏడాది అనుమతి. పెద్ద సినిమాల కొత్త పాటలు తాళం లేకుండా డబ్బిచ్చి కొనుక్కుందామంటే మనకి మిగిలిన దారులు చాలా తక్కువ, ఇండిపెండెంట్ వాళ్ళయితే కొందరు బ్యాండ్‌క్యాంప్ అనే పాటలమ్మే సైట్‌లో ఫ్లాక్ (నాణ్యత తగ్గని) ఫైళ్ళే ఇచ్చేస్తున్నారు, అక్కడ కొంటున్నా.

తమ్ముడు రాజమండ్రి దగ్గర సిగ్నల్ దొరికాక ప్లాన్ మళ్ళీ కట్టాడు. బూడిద రంగు పేర్లన్నీ ఒక్కసారిగా తెల్లబడ్డాయట, ఒక్క పాట కూడా మళ్ళీ డౌన్‌లోడ్ అవ్వలేదు, అదే 12 జీబీ.