జరిమానా పడినవారు మళ్లీ నేరం చేస్తారా: అపోహలు - వాస్తవాలు

శిక్ష పడినవారిలో ఎందరు తిరిగి నేరం చేశారో లెక్కగట్టడం నా వృత్తి. పట్టిక అడుగున మేం రాసే షరతులను చదివేవారు అరుదు. జరిమానా వరుసలోని శాతాన్ని జైలు వరుసలోని శాతం పక్కన పెట్టుకుని తీర్పు చెప్పేసేవారే ఎక్కువ. ఈ విషయంలో చలామణీలో ఉన్న అపోహలు చాలావరకు అక్కడే పుట్టాయి.

అపోహ: జరిమానా పడినవారిలో మళ్లీ నేరం చేసేవారు తక్కువ కాబట్టి, మనిషిని మార్చడంలో జైలుకన్నా జరిమానాయే మేలు.

వాస్తవం: శాతం తక్కువగా ఉండే మాట నిజమే గాని, ఆ ఘనతను జరిమానా ఖాతాలో వేయలేం. జరిమానాతో సరిపెట్టే కేసుల్లో చిన్న నేరాలు, తొలిసారి కోర్టు మెట్లెక్కినవారివి ఎక్కువగా ఉంటాయి; జైలుకు వెళ్లేవారిలో చాలామందికి అప్పటికే శిక్షల చరిత్ర ఉంటుంది. ఊహకు ఒక లెక్క వేసి చూద్దాం. జరిమానా పడినవారు 100 మంది, జైలుకు వెళ్లినవారు 100 మంది అనుకుందాం. మొదటి వందలో 80 మంది కొత్తవారు, 20 మంది పాత నేరస్థులు. రెండో వందలో సరిగ్గా దీనికి తలకిందులు. ఏ శిక్ష పడినా కొత్తవారిలో 10 శాతం, పాతవారిలో 50 శాతం మళ్లీ నేరం చేస్తారని పెట్టుకుంటే, జరిమానా వరుసలో 18 శాతం, జైలు వరుసలో 42 శాతం తేలుతుంది. శిక్ష వల్ల రవ్వంత తేడా లేదని ముందే ఒప్పుకున్న లెక్కలో ఇంత తేడా కనబడింది.

ఈ చిక్కును తగ్గించడానికే వయసు, లింగం, పాత శిక్షల సంఖ్య, నేరం స్వభావం వంటి వివరాలను బట్టి ఒక్కొక్కరు మళ్లీ నేరం చేసే అవకాశాన్ని ముందుగా అంచనా కట్టే కొలమానాన్ని ఇంగ్లండ్, వేల్స్‌లలో ఏళ్లుగా వాడుతున్నారు. వచ్చిన శాతాన్ని ఆ అంచనాతో పోల్చినప్పుడే శిక్ష ప్రభావం గురించి ఎంతో కొంత మాట్లాడగలం. అయినా ఇదీ పూర్తి మందు కాదు. ఎదుట నిలబడ్డ మనిషికి ఉద్యోగం ఉందనో, తాగుడు మానేశాడనో గమనించి న్యాయమూర్తి జరిమానాతో వదిలిపెట్టి ఉండవచ్చు. ఆ గమనింపు మా పట్టికలోకి రాదు.

అపోహ: మళ్లీ నేరం చేయడమంటే ఎక్కడైనా ఒకటే అర్థం.

వాస్తవం: ఇంగ్లండ్, వేల్స్ అధికారిక లెక్కల్లో గడువు ఒక ఏడాది. జరిమానా పడినవారికి అది శిక్ష పడిన రోజున, జైలుకు వెళ్లినవారికి విడుదలైన రోజున మొదలవుతుంది; ఆ ఏడాదిలో జరిగిన నేరం కోర్టులో రుజువయ్యేందుకు మరో 6 నెలలు ఆగుతారు. జర్మనీలో జరిగే దేశవ్యాప్త అధ్యయనంలో ప్రాథమిక గడువే 3 ఏళ్లు. ఈ రెండు శాతాలను ఒకే వాక్యంలో రాయడమే పొరపాటు.

తేదీల దగ్గర ఇంకో మెలిక ఉంది. ఒకరు మార్చిలో దుకాణంలో దొంగతనం చేశారు, ఏప్రిల్‌లో ఇంకోటి చేశారు. మొదటిదానికి మే నెలలో, రెండోదానికి ఆగస్టులో జరిమానా పడింది. తీర్పుల తేదీలు మాత్రమే చూస్తే, జరిమానా పడిన మూడు నెలలకే మళ్లీ దొరికిపోయాడనిపిస్తుంది. నేరం జరిగిన తేదీ చూస్తే, రెండో దొంగతనం నాటికి మొదటి జరిమానా ఇంకా పడనే లేదు. ఈ పనిలో కొత్తగా చేరినవారికి నేను మొదట ఇచ్చే అభ్యాసం ఇదే, ఎక్కువమంది ఇందులో తప్పుతారు.

అపోహ: జరిమానా ఎంత పెంచితే మళ్లీ నేరం చేయడం అంత తగ్గుతుంది.

వాస్తవం: ఒకే మొత్తం ఒకరికి లెక్కలోనికి రాదు, మరొకరికి ఇల్లు గడవనివ్వదు. ఫిన్లాండ్ 1921లో, స్వీడన్ 1931లో నేరాన్ని బట్టి ఇన్ని రోజులని, ఆదాయాన్ని బట్టి రోజుకు ఇంతని లెక్కగట్టి జరిమానా వేసే పద్ధతిని తెచ్చింది అందుకే. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో ఉన్న అలెగెనీ కౌంటీలో వెయ్యికి పైగా బాలనేరస్థుల కేసులను పరిశీలించి 2017లో ప్రచురించిన అధ్యయనంలో, కోర్టు బకాయిలు మిగిలిపోయినవారు మళ్లీ నేరం చేసే అవకాశం ఎక్కువగా కనిపించింది. అయితే అది ఉన్న కేసుల పరిశీలన మాత్రమే. పేదరికం ప్రభావాన్ని బకాయి ప్రభావం నుంచి పూర్తిగా విడదీయడం అలాంటి పద్ధతిలో కష్టం.

అపోహ: జరిమానా కట్టనివారంటే మళ్లీ నేరం చేసేవారే.

వాస్తవం: కట్టకపోవడం వేరు, కొత్త నేరం వేరు. అమెరికాలోనే ఉన్న ఓక్లహోమా కౌంటీలో చిన్న నేరాల నిందితుల్లో కొందరిని యాదృచ్ఛికంగా ఎంపిక చేసి వారి కోర్టు బకాయిలను తీర్చారు. మిగిలినవారిని అలాగే వదిలారు. 2022లో వెలువడిన ఫలితాల ప్రకారం కొత్త నేరారోపణల్లో రెండు వర్గాల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. బకాయి మిగిలినవారికి మాత్రం వారంట్లు, వసూలు చర్యలు ఎక్కువగా ఎదురయ్యాయి. అందువల్ల ఎక్కడైనా మళ్లీ అరెస్టు కావడాన్నే మళ్లీ నేరం చేసినట్టు లెక్కిస్తే, బకాయి వారంటు మీద పట్టుకొచ్చిన మనిషి కూడా ఆ శాతంలో చేరిపోతాడు.