రోలర్ కోస్టర్ పైన ఆగిపోతే: అపోహలు, వాస్తవాలు

సంక్రాంతికి ఊరికి వస్తే చాలు, ఎవరో ఒకరు పట్టుకుని అడుగుతారు. "ఆ రైడ్లు పైకి పోయి ఆగిపోతాయంట కదా, నిజమేనా అబ్బయ్యా?" మాది బిట్రగుంట. ఐటీఐలో ఫిట్టర్ చేసి, పదకొండేళ్లుగా ఒక పార్కులో రైడ్ల మెయింటెనెన్స్ చూస్తున్నాను. 2025 డిసెంబరులో చెన్నై దగ్గర వండర్లా అనే వినోద పార్కు తెరిచారు. అందులో పట్టా కింద వేలాడుతూ పోయే తంజోరా కోస్టర్ వచ్చింది. అప్పటి నుంచి మావాళ్ల ఫోన్లు ఎక్కువయ్యాయి. నేను పనిచేసేది అక్కడ కాదు, వేరే పార్కులో. అయినా భయాలు ఎక్కడైనా ఒకటే కాబట్టి, అందరికీ ఒకేసారి చెబుదామని రాస్తున్నాను.

అపోహ: మధ్యలో ఆగిందంటే రైడ్ చెడిపోయింది, ఇక ప్రాణాలకే ముప్పు.

వాస్తవం: నేను చూసినంతలో మనుషుల్ని నిజంగా ప్రమాదంలోకి నెట్టేది ఈ ఒక్క నమ్మకమే. అందుకే దీని గురించి ఎక్కువ రాస్తాను.

మా నాన్న రైల్వేలో గ్యాంగ్‌మన్. చెన్నై పోయే బండి వేదాయపాళెం దగ్గర సిగ్నల్ లేక పది నిమిషాలు నిలబడితే ఎవరూ కిటికీలోంచి దూకరు. ముందు బండి ఉంది, అది కదిలితే మనకి సిగ్నల్ పడుతుందని వేరుశనక్కాయలు తింటూ కూర్చుంటారు. కోస్టర్ కూడా ఆ లెక్కలోనే నడుస్తుంది. పట్టా మొత్తాన్ని బ్లాకులుగా విడగొడతారు. ఒక బ్లాకులో ఒక్క ట్రైనే ఉండాలి. ముందు బ్లాకు ఖాళీ అయిందని సెన్సార్లు చెప్పేదాకా కంట్రోల్ ప్యానెల్ వెనక ట్రైన్‌ని వదలదు. స్టేషన్‌లోనో, ట్రైన్‌ని చైన్‌తో పైకి లాగే ఎత్తు (దాన్నే లిఫ్ట్ అంటాం) మీదో, మధ్యలో ఉండే బ్రేకుల దగ్గరో ఆపేస్తుంది. సెన్సార్ చెప్పే దాంట్లో ఏ కాస్త తేడా కనపడినా ఆపడమే దాని పని. కొత్త రైడ్‌కి మొదటి కొన్ని నెలలు ఇలా ఆగడం మామూలే. సెన్సార్ల సెట్టింగులు కుదురుకోవాలి, నడిపే పిల్లలకి చెయ్యి తిరగాలి.

"మరి లిఫ్ట్ మీద చైన్ తెగితే?" అని అడుగుతారు. మెకానిక్ షెడ్డులో ఇంజన్‌ని పైకెత్తే చైన్ బ్లాక్ చూసే ఉంటారు. చెయ్యి వదిలేసినా ఇంజన్ కిందపడదు, లోపల పన్నులో నాలుక పడి ఉంటుంది. లిఫ్ట్ ఎక్కేటప్పుడు మీకు వినపడే ఆ టక టక టక అలాంటి నాలుకదే. ట్రైన్ కిందున్న ఇనప నాలుక పట్టా మీది పళ్లలో ఒక్కోటీ దాటుకుంటూ పోతుంది. జాన్ మిల్లర్ అనే అమెరికన్ 1910లోనే దానికి పేటెంట్ తీసుకున్నాడు. చైన్ ఉన్నా పోయినా ట్రైన్ వెనక్కి జారదు. బ్రేకులు కూడా అంతే. కరెంటు పోయినా, గాలి పోయినా మూసుకునే ఉంటాయి, తెరవడానికే గాలి కావాలి. ఆటోనగర్‌లో లారీ డ్రైవర్ని ఎవరినడిగినా చెబుతాడు, గాలి దిగిపోయిన బండి కదలదని.

ఇదంతా తెలియకపోతే ఏమవుతుందో నా కళ్లతో చూశాను.

మూడేళ్ల కిందట, మా పార్కులో కొత్త కోస్టర్ మొదలైన రెండో నెలలో, కావలి నుంచి మా అక్కావాళ్లు వచ్చారు. మేనల్లుడికి పదకొండేళ్లు. అంతకు ముందు ఏడాది వేరే రైడ్ దగ్గర ఎత్తు చాలక వెనక్కి పంపితే, ఇంటికెళ్లి గోడ మీద పెన్సిల్ గీతలు గీసుకుంటూ ఎదురుచూశాడు. వాడికదే మొదటి కోస్టర్. లిఫ్ట్ సగం దాటాక ట్రైన్ ఆగింది.

నేను మెట్లెక్కుతూ పైకి చూశాను. మా బావ పిల్లాడి హార్నెస్ (మనిషిని సీటుకి బిగించి ఉంచేది) కింద రెండు చేతులూ పెట్టి, వాణ్ణి కిందికి జార్చి బయటికి లాగుతున్నాడు. "వెనక్కి పోతాదంట, దిగరా, దిగు" అంటున్నాడు. వెనక వరసలో ఎవరో అన్న మాట అది. పిల్లాడి నడుము అప్పటికే సీటు అంచుకి వచ్చేసింది. మెట్లు ఉన్నది ఎడమ పక్క. వాడు కూర్చున్నది కుడి చివర. ఆ పక్కన గాలి తప్ప ఏమీ లేదు. వాడి చెప్పు ఒకటి ఎప్పుడో జారి కింద నెట్‌లో పడి ఉంది.

"బావా, చెయ్యి తియ్యి! ట్రైన్ ఎక్కడికీ పోదు, నేనొస్తున్నా" అని అరుస్తూ ఎక్కాను. పైకి చేరేసరికి అక్క మంగళసూత్రం పళ్ల మధ్య పెట్టుకుని కళ్లు గట్టిగా మూసుకుని ఉంది. పిల్లాణ్ణి వెనక్కి జరిపి కూర్చోబెట్టి, హార్నెస్ ఒత్తి చూసుకున్నాక గానీ నాకు ఊపిరి ఆడలేదు. తర్వాత ఒక్కో వరస లాక్ మేమే విడిపించి, చెయ్యి పట్టుకుని మెట్ల మీదుగా దించాం. అందరూ దిగేసరికి నలభై నిమిషాలు పట్టింది. తప్పు ఎక్కడుందంటే, కింద బ్రేకుల దగ్గర ఒక సెన్సార్ బ్రాకెట్ బోల్టు లూజై రెండు మిల్లీమీటర్లు పక్కకి జరిగింది. బిగించడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు.

బావని నేను తప్పు పట్టను. ఆ కంగారులో బిడ్డని కాపాడుకోవాలనే చూశాడు. పైన పావుగంట పాటు మైకులో ఒక్క మాట చెప్పినవాళ్లు లేరు. అది మా తప్పు. ఇప్పుడు మా దగ్గర ట్రైన్ ఆగిన నిమిషంలోపు తెలుగులో, తమిళంలో మాట వినపడి తీరాలి. కానీ అదే రోజు సాయంత్రం "పట్టా విరిగింది, ఇద్దరు పోయారు" అని వాట్సాప్‌లో పెట్టిన మనిషిని మాత్రం క్షమించలేను. కావలిలో మా అమ్మకి ఆ మెసేజ్ మా ఫోన్ కంటే ముందు చేరింది.

ఆగితే మీరు చేయాల్సింది తక్కువే. వీపు సీటుకి ఆనించి కూర్చోండి. మిమ్మల్ని సీటులో పట్టి ఉంచే బార్‌ని కదిలించొద్దు. కళ్లు తిరుగుతుంటే స్టాఫ్ వచ్చినప్పుడు ముందే చెప్పండి, ఆ వరస దగ్గరికి ముందు వస్తారు. మీ అంతట మీరు దిగొద్దు, పక్కవాళ్లని దిగనివ్వొద్దు.

మిగతావి త్వరగా చెప్పేస్తాను.

"బార్ కాస్త లూజుగా ఉంటే హాయిగా ఉంటుంది." ఉండదు. ఆ సందులోనే ఒళ్లు ఊగి, తల అటూ ఇటూ కొట్టుకుంటుంది. మెడ నొప్పి అన్నవాళ్లలో చాలామంది పొట్ట బిగబట్టి లాక్ వేయించుకున్నవాళ్లే.

"ఖాళీ కడుపుతో ఎక్కాలి." తెల్లవారుజామున నాలుగింటికి నెల్లూరులో బయలుదేరి, 170 కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేసి, ఏమీ తినకుండా రెండు గంటలు ఎండలో క్యూలో నిలబడితే కళ్లు మసకబారకుండా ఎలా ఉంటాయి? గంట ముందు రెండు ఇడ్లీలు తినండి, నీళ్లు తాగండి. బిర్యానీ తర్వాత.

"రెండు సెంటీమీటర్లేగా, వదిలేయండి." ఆ ఎత్తు టికెట్ కోసం పెట్టింది కాదు, హార్నెస్ భుజానికీ నడుముకీ సరిగ్గా పట్టాలని పెట్టింది. రైడ్‌ని బట్టి 120 నుంచి 140 సెంటీమీటర్ల దాకా అడుగుతారు. ఇంట్లోనే చెప్పుల్లేకుండా కొలిచి బయలుదేరండి. గేటు దగ్గర పిల్లలు ఏడుస్తుంటే మాకూ బాధే.

గర్భిణులు, గుండె జబ్బు ఉన్నవాళ్లు, వెన్ను ఆపరేషన్ అయినవాళ్లు ఎక్కొద్దు. బీపీ మాత్రలు వాడేవాళ్లు డాక్టరుని అడక్కుండా ఎక్కొద్దు. సంగతి దాచి ఎక్కితే మాకు తెలిసే దారి లేదు.

"ఒకసారి ఎక్కా, ఏమంత లేదు." పొద్దున మొదటి ట్రిప్పులో గ్రీజు, చక్రాలు చల్లగా ఉంటాయి, ట్రైన్ నెమ్మదిగా పోతుంది. మధ్య వరసలో ఊపు తక్కువ. మధ్యాహ్నం దాటాక చివరి వరసలో కూర్చుని చూసి అప్పుడు చెప్పండి.

మేనల్లుడికి ఇప్పుడు పద్నాలుగేళ్లు. దసరా సెలవులకి మళ్లీ వస్తానంటున్నాడు. అక్క నిన్న ఫోన్ చేసి ఒక్కటే అడిగింది, "మళ్లీ ఆగితే ఎంతసేపు కూర్చోవాలి తమ్ముడూ?" నలభై నిమిషాలు కూడా పట్టొచ్చు అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే వాడికి ముందే నీళ్లు తాపి ఎక్కిస్తా" అంది.