శుక్రవారం సాయంత్రం తలపై పెట్టే చేయి

చిరంజీవులైన మనుమడికి, మనుమరాలికి తాతయ్య ఆశీస్సులు.

యూదుల ఇళ్లలో శుక్రవారం రాత్రి పిల్లల తలపై చేతులు పెట్టి ఏమి చదువుతారని మీరు ఫోనులో అడిగారు. రెండు మాటల్లో తేలే సంగతి కాదు కనుక తీరిగ్గా రాస్తున్నాను.

యూదుల లెక్కలో రోజు సూర్యాస్తమయంతో మొదలవుతుంది కాబట్టి, వారి విశ్రాంతి దినమైన షబ్బాత్ శుక్రవారం సాయంత్రమే ప్రవేశిస్తుంది. పొద్దు గుంకక ముందే, సాధారణంగా 18 నిమిషాల ముందు, కొవ్వొత్తులు వెలిగిస్తారు. భోజనాల బల్ల మీద జడలా అల్లి కాల్చిన రెండు హల్లా రొట్టెలను గుడ్డతో కప్పి ఉంచుతారు. చాలా ఇళ్లలో ద్రాక్షారసపు గిన్నె ఎత్తి ప్రార్థన చేయడానికి ముందే పిల్లలను దీవిస్తారు.

మీ అమ్మ దగ్గర ఉన్న రోజుల్లో పక్కింటి యూదులు ఒకసారి మమ్మల్ని భోజనానికి పిలిచారు. ఆ ఇంటి తండ్రి ఒక్కొక్క బిడ్డ దగ్గరికి వెళ్లి, రెండు చేతులూ తల మీద ఆనించి, కళ్లు మూసుకుని హీబ్రూలో దీవించాడు. చివరిది, నాలుగేళ్ల పిల్ల, తన తల అందాలని కుర్చీ ఎక్కి నిలబడింది. దీవెన అయ్యాక ఆయన దాని చెవిలో ఏదో చెప్పాడు. అది ఆ బిడ్డకు మాత్రమే చెందిన మాట.

ఆడపిల్లలను తమ జాతికి మూలమాతలైన శారా, రిబ్కా, రాహేలు, లేయాల వలె దేవుడు చేయుగాక అని దీవిస్తారు. మగపిల్లల విషయంలో అబ్రాహాము పేరో మోషే పేరో వినిపిస్తుందనుకుంటాము. కానీ వినిపించేవి ఎఫ్రాయిము, మనష్షే అనే అన్నదమ్ముల పేర్లు. బైబిలులోని ఆదికాండము 48వ అధ్యాయంలో చూపు మందగించిన యాకోబు, తన కొడుకైన యోసేపు బిడ్డలు ఈ ఇద్దరినీ దగ్గరికి తీసుకుని, చేతులు అడ్డంగా మార్చి, కుడిచేతిని చిన్నవాడైన ఎఫ్రాయిము తలపై ఉంచాడు. యోసేపు ఆ చేయి తీయబోతే, తనకు తెలిసే చేస్తున్నానన్నాడు. పరాయి దేశమైన ఐగుప్తులో, అంటే ఈజిప్టులో, పుట్టి పెరిగినా తాతల దారి విడువలేదు కనుక ఈ పేర్లు నిలిచాయని కొందరు పెద్దలంటారు. నాకు మరొక వివరణ ఎక్కువ నచ్చింది: కయీను, హేబెలు మొదలుకొని యోసేపు సోదరుల దాకా ఆ గ్రంథంలో అన్నదమ్ములకు పడలేదు; ఇక్కడ తమ్ముణ్ణి ముందు నిలిపినా మనష్షే నోట ఒక్క ఫిర్యాదు లేదు. మన గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గరి కొత్తరెడ్డిపాలెంలో, ఈ ఎఫ్రాయిము వంశస్థులమని చెప్పుకుంటూ యూదు ఆచారాలు పాటించే తెలుగు కుటుంబాలు ఉన్నాయి.

ఆ తరువాత అందరికీ ఒకే దీవెన, సంఖ్యాకాండము 6వ అధ్యాయంలోని యాజకుల దీవెన. హీబ్రూలో మూడు, అయిదు, ఏడు మాటల చొప్పున పెరిగే మూడు వాక్యాలు: దేవుడు నిన్ను కాపాడాలని, తన ముఖకాంతి నీపై ప్రసరింపజేయాలని, నీకు శాంతి నివ్వాలని. 1979లో యెరూషలేములోని కేతెఫ్ హిన్నోమ్ అనే సమాధుల చోట తవ్వినప్పుడు, ఈ దీవెన మాటలు చెక్కిన వెండి రేకులు దొరికాయి. తాయెత్తుల్లా చుట్టి ఉన్న ఆ రేకులు సుమారు 2600 ఏళ్ల నాటివి.

బిడ్డలు పెద్దవారైనా ఈ ఆచారం ఆగదు. పక్కింటివారి పెద్దమ్మాయి వేరే ఊళ్లో చదువుకునేది. షబ్బాత్ ప్రవేశించాక వారు ఫోను ముట్టరు కనుక, కొవ్వొత్తులు వెలిగించే ముందే తల్లి ఫోను చేసేది. ఒక చేత్తో ఫోను చెవికి ఆనించుకుని, రెండో చేతిని ఆ పిల్ల తల ఎత్తున గాలిలో నిలిపి, దీవెన పూర్తయ్యేదాకా అలాగే ఉంచేది.

ఇట్లు,
మీ తాతయ్య