లివర్ పెద్దదైందంటే లోపల ఏం చేరినట్టు?

మా బాబాయ్ కిడ్నీలో రాయి ఉందేమోనని స్కానింగ్‌కి వెళ్ళాడు. రాయి లేదు. కానీ రిపోర్టులో ఇంకో లైను దగ్గర ఆయన చూపు ఆగిపోయింది: లివర్ సైజు 16.8 సెంటీమీటర్లు, పెద్దదైంది, గ్రేడ్ 1 ఫ్యాటీ లివర్. సాయంత్రానికల్లా నాకు ఫోన్. "ఒరేయ్, లివర్ వాచిందంటరా. జన్మలో మందు ముట్టినవాణ్ణి కాదు, నాకెందుకొచ్చిందిరా ఇది?"

"టెన్షన్ పడకు బాబాయ్, రిపోర్టు ఫొటో తీసి పంపించు" అన్నాను. ఫోన్ పెట్టేశాక అనిపించింది, ఆయన అడగాల్సిన ప్రశ్నే అడిగాడని. ఎందుకంటే లివర్ పెద్దదవడం అన్నది జబ్బు పేరు కాదు. జ్వరం ఎలాగో ఇదీ అంతే. జ్వరం వచ్చిందంటే మలేరియానా, టైఫాయిడా, ఊరికే జలుబా అని వెతుక్కుంటాం. లివర్ పెరిగిందన్నప్పుడు కూడా లోపల ఏం చేరి పెరిగిందో వెతకాలి. కొవ్వు కావచ్చు, రక్తం కావచ్చు, చీము కావచ్చు, లోహం కూడా కావచ్చు. ఆ వెతుకులాట మానేసి ఒక్క "వాపు" అనే మాట పట్టుకుని భయపడటమో, లివర్ టానిక్ తాగి మర్చిపోవడమో మన ఇళ్ళలో చాలా జరుగుతుంది.

ముందు అవయవాన్ని చూద్దాం. మాంసం కొట్టులో మేక కార్జం కొన్నవాళ్ళకి ఇది సులభంగా తెలుస్తుంది. ముదురు ఎరుపు, మెత్తగా జారిపోయే ముద్ద, ఒక పక్క పలచబడి అంచులా ఉంటుంది. గోరుతో గీరితే పైన అద్దంలాంటి సన్నని పొర లేస్తుంది. మన లివర్ కూడా చూడటానికి అలాగే ఉంటుంది, కాకపోతే పెద్దవాళ్ళలో 1.2 నుంచి 1.5 కిలోల దాకా తూగుతుంది. కుడివైపు పక్కటెముకల చాటున, డయాఫ్రం అనే కండర పొర కింద నక్కి ఉంటుంది. నిమిషానికి దాదాపు లీటరున్నర రక్తం దీని గుండా పోతుంది. అందులో ముప్పావు వంతు పేగుల నుంచి నేరుగా వచ్చేదే. అంటే మనం తిన్నదీ తాగినదీ మింగిన మాత్రా ఒంట్లోకి పోయే ముందు ఇక్కడ ఆగి వెళ్ళాల్సిందే. అందుకే ఎక్కడ ఏ గొడవ జరిగినా ఇది ఉబ్బుతుంది.

ఆ అద్దంలాంటి పొర గురించి ఇంకో మాట. లివర్ లోపలి కణజాలానికి నొప్పి తెలియదు. నొప్పి తెలిసేది పైపొరకే. లివర్ గబగబా ఉబ్బితే ఆ పొర సాగి కుడి డొక్కలో బరువుగా, మొద్దుగా నొప్పి వస్తుంది. నెమ్మదిగా, ఏళ్ళ తరబడి పెరిగితే పొర కూడా నెమ్మదిగా సర్దుకుంటుంది, నొప్పి ఉండదు. "నాకేం నొప్పి లేదు కాబట్టి లివర్ బాగానే ఉంది" అనుకోవడం ఈ ఒక్క కారణం చేతనే తప్పు.

స్కానింగ్ రాకముందు దీన్ని చేత్తోనే కనిపెట్టేవాళ్ళు. మంచి డాక్టర్లు ఇప్పటికీ అలాగే చూస్తారు. రోగిని వెల్లకిలా పడుకోబెట్టి, మోకాళ్ళు కొంచెం మడవమని, పొత్తికడుపు కుడివైపు నుంచి మొదలుపెట్టి చెయ్యి మెల్లగా పైకి జరుపుతూ "ఊపిరి బాగా పీల్చండి" అంటారు. ఊపిరి పీల్చినప్పుడు డయాఫ్రం దిగుతుంది, దాంతో లివరూ దిగి, దాని అంచు వేళ్ళకి తగులుతుంది. ఆ అంచు మెత్తగా గుండ్రంగా ఉందా, గట్టిగా పదునుగా ఉందా, గడ్డలు గడ్డలుగా ఉందా, ముట్టుకుంటే రోగి ముఖం చిట్లిస్తున్నాడా అన్నదాన్ని బట్టే సగం సంగతి తెలిసిపోతుంది. ఇక పైఅంచు ఎక్కడుందో తెలియాలంటే ఛాతీ మీద వేలు ఆనించి ఇంకో వేలితో తట్టి చూస్తారు. ఊపిరితిత్తి ఉన్నచోట డొల్లగా, లివర్ ఉన్నచోట బండగా మోగుతుంది. ఈ తట్టి చూసే పద్ధతిని 1761లో పుస్తకంగా అచ్చువేసింది ఆస్ట్రియా డాక్టరు లియోపోల్డ్ ఆవెన్‌బ్రుగ్గర్. ఆయన తండ్రి సత్రం నడిపేవాడు. పీపాలో వైన్ ఎంతవరకు ఉందో తట్టి చూసే అలవాటు అక్కడిదేనంటారు.

చేతికి తగిలిందంటే పెరిగిందనే అర్థమా? కాదు. ఆస్తమా, ఏళ్ళ తరబడి పొగ తాగడం వల్ల ఊపిరితిత్తులు ఉబ్బినవాళ్ళలో లివర్ కిందికి నెట్టుకొస్తుంది. సైజు మామూలే, చోటు మారిందంతే. కొందరికి, ముఖ్యంగా ఆడవాళ్ళలో, కుడి భాగం నాలుకలా కిందికి వేలాడుతూ ఉంటుంది, అది పుట్టుకతో వచ్చిన తీరు, జబ్బు కాదు. పసిపిల్లల్లో పక్కటెముకల కింద ఒకటి రెండు సెంటీమీటర్లు తగలడం సహజం. స్కానింగ్‌లో కూడా 15, 16 సెంటీమీటర్ల దగ్గర గీత గీస్తారు గానీ, పొడుగాటి మనిషికీ పొట్టి మనిషికీ ఒకే కొలత సరిపోదు కదా.

సరే, నిజంగానే పెరిగిందనుకుందాం. ఈ రోజుల్లో మన ఇళ్ళలో ఎక్కువగా కనిపించే కారణం కొవ్వు. లివర్‌లో 5 శాతం మించి కొవ్వు చేరితే ఫ్యాటీ లివర్ అంటారు. బాబాయ్‌కి అర్థం కానిది ఇదే: నూనె, నెయ్యి తక్కువ తిన్నా కొవ్వెలా చేరింది? లివర్ కొవ్వును కేవలం దాచుకోదు, తయారు కూడా చేస్తుంది. మూడు పూటలా అన్నం, టీలో చక్కెర, సాయంత్రం బిస్కెట్లు, కూర్చుని చేసే పని. ఒంటికి అక్కర్లేని పిండి పదార్థాన్నంతా లివర్ కొవ్వుగా మార్చి తనలోనే పేర్చుకుంటుంది. పొట్ట దగ్గర కొవ్వు, ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడం ఈ పనికి ఎరువు. మన దేశస్థుల్లో ఒక చిక్కుంది. చూడ్డానికి సన్నగా ఉన్నా పొట్ట ఉంటుంది. అందుకే మనకి బీఎంఐ (ఎత్తుతో పోల్చి బరువు చూసే లెక్క) 23 దాటితే చాలు, అధిక బరువు కింద లెక్క, నడుము కొలత మగవాళ్ళకి 90, ఆడవాళ్ళకి 80 సెంటీమీటర్లు దాటకూడదు అంటారు. 2023లో ఈ జబ్బు పేరే మార్చారు. అంతకుముందు "మద్యం వల్ల కానిది" అని పేరులోనే ఉండేది. ఏది కాదో చెప్పే పేరు తీసేసి, ఒంటి జీవక్రియ గాడి తప్పడం వల్ల వచ్చేది అని అర్థం వచ్చే పేరు పెట్టారు. బాబాయ్ ప్రశ్నకి జవాబు ఆ కొత్త పేరులోనే ఉంది.

మద్యంతో వచ్చే కొవ్వు కూడా మొదటి దశలో అచ్చం ఇలాగే ఉంటుంది. అదే దశలో మానేస్తే కొన్ని వారాల్లోనే చాలావరకు కరిగిపోతుంది కూడా. తాగుతూ పోతే వాపు, ఆ తర్వాత మచ్చలు.

అయితే తిండి ఎక్కువైతేనే కాదు, కరువైనా లివర్‌లో కొవ్వు చేరుతుంది. ఇది నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరిచే విషయం. క్వాషియార్కర్ అని పిల్లల్లో వచ్చే తీవ్రమైన పోషకాహార లోపం ఉంది. కాళ్ళు వాచి, జుట్టు రంగు వెలిసి, పొట్ట ముందుకొచ్చిన పిల్లలు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థకు డైరెక్టర్‌గా పనిచేసిన డాక్టర్ సి. గోపాలన్ లాంటివాళ్ళు ఏళ్ళ తరబడి ఈ పిల్లల మీద పరిశోధన చేశారు. వాళ్ళ లివర్ కూడా కొవ్వుతో నిండిపోయి పెద్దదవుతుంది. కొవ్వును లివర్ నుంచి బయటికి మోసుకెళ్ళడానికి ప్రొటీన్‌తో చేసిన బండ్లు కావాలి. తిండిలో ప్రొటీన్ లేకపోతే బండ్లు ఉండవు, సరుకు గోదాములోనే ఉండిపోతుంది.

ఇక రక్తం. గుండె కుడివైపు బలహీనపడితే వెనక్కి వచ్చే రక్తాన్ని అది తోడలేదు, ఆ రక్తం లివర్‌లో నిలిచిపోతుంది. అలాంటి లివర్‌ని కోసి చూస్తే ఎరుపూ పసుపూ చారలతో కోసిన జాజికాయలా ఉంటుందని డాక్టర్లు దానికి ఆ పేరే పెట్టారు. మెడ మీద నరం ఉబ్బి కనిపించడం, సాయంత్రానికి కాళ్ళవాపు, నాలుగు మెట్లెక్కితే ఆయాసం తోడుంటే జబ్బు లివర్‌ది కాదు, గుండెది.

వైరస్‌ల వల్ల లివర్ వాచడం అందరికీ తెలిసిందే. హెపటైటిస్ ఎ, ఇ కలుషితమైన నీళ్ళతో వస్తాయి. 1955 చివర్లో ఢిల్లీలో యమున వరద తర్వాత మురుగు తాగునీటిలో కలిసి సుమారు 29 వేల మందికి కామెర్లు వచ్చాయి. అది ఇ రకమని చాలా ఏళ్ళ తర్వాత గానీ తేలలేదు. ఇది గర్భిణులకి ప్రాణాంతకం కాగలదు. బి, సి రకాలు రక్తం ద్వారా, తల్లి నుంచి బిడ్డకి వస్తాయి, చప్పుడు లేకుండా ఏళ్ళ తరబడి ఉండిపోతాయి. హెపటైటిస్ బి టీకా దిగుమతి అయ్యే రోజుల్లో సామాన్యుడికి అందేది కాదు. వరప్రసాద్ రెడ్డి హైదరాబాద్‌లో స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్ 1997లో మన దేశంలోనే తయారుచేసి చవగ్గా తెచ్చింది. ఇప్పుడు పుట్టిన 24 గంటల్లోపే బిడ్డకి ఆ టీకా వేస్తున్నారంటే దాని వెనక ఇలాంటివాళ్ళ పట్టుదల ఉంది.

మలేరియా, టైఫాయిడ్, డెంగీ జ్వరాల్లోనూ లివర్ కొంత పెరుగుతుంది, జ్వరం తగ్గాక మామూలవుతుంది. జ్వరంతో పాటు కుడి డొక్కలో వేలు పెట్టనివ్వనంత నొప్పి ఉంటే మాత్రం అమీబా వల్ల లివర్‌లో చీముగడ్డ ఏర్పడి ఉండొచ్చు. మద్యం, కల్లు తాగే మగవాళ్ళలో ఇది ఎక్కువ. వెంటనే గుర్తిస్తే మందులతో నయమవుతుంది, ఆలస్యమైతే గడ్డ పగలొచ్చు.

లోహం అన్నాను కదా. ఇది కాస్త నెమ్మదిగా చెప్పాల్సిన కథ. పాతతరం వాళ్ళు "బిడ్డకి లివర్ వచ్చింది" అనేవాళ్ళు, గుర్తుందా? ఏడాది, రెండేళ్ళ పిల్లలు. పొట్ట పెరిగేది, చిరాకు, తర్వాత కామెర్లు. కుడివైపు చెయ్యి పెడితే లివర్ రాయిలా గట్టిగా, అంచు పదునుగా తగిలేది. చాలామంది దక్కేవారు కాదు. 19వ శతాబ్దం చివర్లోనే కలకత్తాలో దీన్ని గుర్తించారు, కారణం మాత్రం వందేళ్ళు దొరకలేదు. ఆ పిల్లల లివర్‌లో రాగి విపరీతంగా ఉందని తేలాక, 1980లలో పుణెలో ఆనంద్ పండిట్, షీలా భావే, వాళ్ళతో కలిసి బ్రిటన్ డాక్టరు స్టూవర్ట్ టానర్ ఇళ్ళలోని గిన్నెల వైపు చూశారు. తల్లిపాలు మాన్పించి పట్టే ఆవుపాలు, గేదెపాలు ఇత్తడి గిన్నెల్లో, కళాయి, అంటే లోపలి తగరపు పూత, పోయిన రాగి గిన్నెల్లో కాచి, అందులోనే నిలవ ఉంచేవాళ్ళు. పాలలోని ప్రొటీన్ రాగిని పట్టేసుకుంటుంది. పసి లివర్‌కి దాన్ని బయటికి పంపే శక్తి ఇంకా రాలేదు.

ఆస్ట్రియాలోని టిరోల్ కొండల్లో కూడా 1900 నుంచి 1974 మధ్య 138 మంది పసిపిల్లలకి ఇదే జబ్బు వచ్చింది. అక్కడా రాగి గిన్నెలోనే పాలు. స్టీలు గిన్నెలొచ్చాక అక్కడా పోయింది, ఇక్కడా దాదాపు కనుమరుగైంది. రాగి గిన్నె వాడిన ప్రతి ఇంట్లోనూ ఇది రాలేదు కాబట్టి వంశంలో ఏదో లోపం కూడా తోడై ఉండాలంటారు. ఇప్పుడు ఇత్తడి, రాగి పాత్రలు మళ్ళీ ఫ్యాషన్ అయ్యాయి. పెద్దవాళ్ళు రాగి చెంబులో నీళ్ళు తాగడం వేరు. పసిబిడ్డ పాలు మాత్రం కళాయి లేని గిన్నెలో కాయొద్దు. మా అమ్మమ్మ వీధిలో కళాయి వేసేవాడి కేక వినగానే గిన్నెలన్నీ బయటపెట్టేది. పులుసు చిలుమెక్కకుండా అనుకునేది గానీ, ఆ తగరపు పూత ఎంతమంది పిల్లల్ని కాపాడిందో ఆవిడకి తెలిసి ఉండదు.

పుట్టుకతో వచ్చే ఎంజైమ్ లోపాలవల్ల చక్కెర నిల్వలు గానీ, ఇంకేవైనా పదార్థాలు గానీ పేరుకుని పిల్లల లివర్ పెరగడం అరుదు. పెద్దవాళ్ళలో క్యాన్సర్ కూడా ఒక కారణమే, చాలాసార్లు పేగు, రొమ్ము లాంటి వేరే చోటి నుంచి పాకి వస్తుంది.

ఇప్పుడు చాలామంది పొరబడే మాట. లివర్ పెరగడం చెడ్డదైతే, తగ్గితే మంచిదేగా అనుకుంటాం. అన్నిసార్లూ కాదు. వాపు ఏళ్ళ తరబడి ఉంటే లోపల మచ్చలు కట్టి, లివర్ గట్టిపడి, ముడుచుకుపోతుంది. అదే సిరోసిస్. మొన్నటిదాకా 17 ఉన్నది ఇప్పుడు 11కి తగ్గిందని సంతోషించే లోపు పొట్టలో నీరు చేరడం మొదలవుతుంది. పెద్దదైన ఫ్యాటీ లివర్ ఇంకా వెనక్కి తిప్పగల దశలో ఉన్నట్టు. చిన్నదై గట్టిపడిన లివర్‌ని తిప్పడం కష్టం. కామెర్లు, పొట్టలో నీరు, నల్లటి విరేచనం, రక్తపు వాంతి, మనిషి తికమకగా మాట్లాడటం, కారణం లేకుండా బరువు తగ్గడం, వీటిలో ఏది కనిపించినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి.

కామెర్లకి తాగించే పసరు మందు సంగతి చెప్పకపోతే నా మనసు ఊరుకోదు. హెపటైటిస్ ఎ, ఇ చాలామందికి వాటంతటవే తగ్గుతాయి. తగ్గిన పేరు పసరుకి వస్తుంది. పిత్తనాళంలో రాయో, క్యాన్సరో ఉన్నవాళ్ళు కూడా అదే పసరు తాగుతూ విలువైన వారాలు పోగొట్టుకుంటారు. కరోనా రోజుల్లో తిప్పతీగ కషాయం రోజూ తాగి లివర్ దెబ్బతిన్నవాళ్ళని మన దేశ డాక్టర్లే చూశారు. ఆకైనా మాత్రైనా లివర్‌కి తేడా లేదు, రెండిటినీ అదే విడగొట్టాలి.

బాబాయ్‌ని వాళ్ళ ఊళ్ళోని ఫిజీషియన్ దగ్గరికి తీసుకెళ్ళాం. లివర్ ఫంక్షన్ టెస్టు, హెపటైటిస్ బి, సి పరీక్షలు, మూడు నెలల షుగర్ సగటు, లివర్ ఎంత గట్టిపడిందో చూసే ఫైబ్రోస్కాన్ రాశారు. లివర్ టెస్టు నార్మల్ వచ్చినా ఫ్యాటీ లివర్ లేనట్టు కాదని ఆయనే చెప్పారు. బి, సి నెగెటివ్. షుగర్ సగటు (హెచ్‌బీఏ1సీ) 6.2, అంటే షుగర్ జబ్బు గీతకి దగ్గరగా ఉంది. ఫైబ్రోస్కాన్ 5.6, మచ్చలు పడలేదు. మందులేమీ రాయలేదు. 78 కిలోల నుంచి 72కి రమ్మన్నారు. ఒంటి బరువులో 7 శాతం పైన తగ్గితే కొవ్వుతో పాటు వాపు కూడా తగ్గుతుందని లెక్క చెప్పారు.

బాబాయ్ ఇప్పుడు రాత్రిపూట అన్నం మానేసి రెండు జొన్నరొట్టెలు తింటున్నాడు, పొద్దున్నే చెరువు గట్టు మీద నడుస్తున్నాడు. నిన్నటికి 75. మళ్ళీ స్కానింగ్ సంక్రాంతి తర్వాత.